ప్రతి హైస్కూల్లో వృత్తి కోర్సు పెడితే చదువుకున్నవాళ్ళ నిరుద్యోగం తగ్గుతుందా?

ఒక దేశాన్ని ఎంచుకుని రాస్తున్న మీ పత్రం కోసం మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. డబ్బు అంతంతమాత్రంగా ఉన్న అభివృద్ధి చెందుతున్న దేశం సెకండరీ చదువు, వృత్తి విద్య, విశ్వవిద్యాలయాలు ఈ మూడింటిలో దేన్ని ముందు బాగుచేసుకోవాలి అనేది ఒకటి. ప్రతి హైస్కూల్లోనూ ఏదో ఒక చేతిపని కోర్సు తప్పనిసరి చేస్తే, డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా తిరిగేవాళ్ళు తగ్గరా అనేది ఇంకొకటి.

రెండోదానికి సూటిగా చెప్పేస్తాను: తగ్గరు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, యాభై అరవై ఏళ్ళుగా చాలా దేశాలు చేసి చూసినదే. మొదటిదానికి జవాబు కాస్త పెద్దది. విద్యా ప్రణాళికల పనిలో చాలాకాలం ఉన్నాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: మూడింటిలో ఏది ముందు అని తేల్చుకోవడం కంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి పిల్లలు దాటే చోట్లను ముందు సరిచేయాలి. ఏ పరీక్ష రాసి దాటుతున్నారు? ఎవరి డబ్బుతో దాటుతున్నారు? దాటాక అవతల ఏ ఉద్యోగం ఉంది? ఒక దారిలో వెళ్ళినవాడు మళ్ళీ ఇటు రాగలడా? సిలబస్‌లూ భవనాలూ వీటి తర్వాతే.

వృత్తి విద్యతోనే మొదలుపెడతాను. ఆశలు ఎక్కువగా పెట్టుకునేదీ, డబ్బు ఎక్కువగా తగలేసేదీ అక్కడే.

బ్రిటిష్ పాలన నాటి ఘానాలో వ్యవసాయం, చేతిపనులు నేర్పే బళ్ళు పెట్టాలని పదేపదే ప్రయత్నించారు. తల్లిదండ్రులు వాటివైపు చూడలేదు, పుస్తకాల చదువు చెప్పే బళ్ళకే పిల్లల్ని పంపారు. వీళ్ళకు శ్రమ అంటే చిన్నచూపు, సిలబస్ మారిస్తే మనసు కూడా మారుతుంది అని అధికారులు అనుకునేవాళ్ళు. అక్కడ పరిశోధన చేసిన ఫిలిప్ ఫోస్టర్ అనే పండితుడు 1965లో ఈ వాదాన్ని తిరగేశాడు. ఆ దేశంలో మంచి జీతం, నిలకడ ఉన్న ఉద్యోగమంటే ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం. దానికి కావలసింది పుస్తకాల చదువు. అలాంటప్పుడు పుస్తకాల చదువే అసలైన వృత్తి విద్య కదా? తల్లిదండ్రులు లెక్క సరిగ్గానే వేసుకున్నారు, వేసుకోనివాళ్ళు ప్రణాళికలు రాసినవాళ్ళు.

అయినా ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. 1960లు, 70లలో ప్రపంచ బ్యాంకు చాలా దేశాల్లో మామూలు సబ్జెక్టులతో పాటు వ్యవసాయం, టెక్నికల్, కామర్స్ కోర్సులు కలిపి చెప్పే సెకండరీ స్కూళ్ళకు అప్పులిచ్చింది. తర్వాత అదే బ్యాంకు కొలంబియా, టాంజానియాలలో అలాంటి స్కూళ్ళ నుంచి బయటికొచ్చినవాళ్ళు ఏమయ్యారో పరిశీలించి, 1985లో ఫలితాలు ప్రచురించింది. ఖర్చు మామూలు స్కూలు కంటే ఎక్కువ. ఉద్యోగాలు దొరకడంలో మాత్రం వీళ్ళకు చెప్పుకోదగ్గ మొగ్గు లేదు. సరిగ్గా అదే 1985లో కెన్యా 8-4-4 పద్ధతి మొదలుపెట్టింది: ఎనిమిదేళ్ళ ప్రాథమిక విద్య, నాలుగేళ్ళ సెకండరీ, నాలుగేళ్ళ యూనివర్సిటీ, వాటిలో చేతిపనుల సబ్జెక్టులకు పెద్దపీట. వర్క్‌షాపులు కట్టే భారం చాలావరకు తల్లిదండ్రుల మీద పడింది. కొన్నేళ్ళకు ఆ సబ్జెక్టుల్ని ఒక్కొక్కటిగా కత్తిరించుకుంటూ పోయారు, చివరికి 2017 నుంచి ఆ పద్ధతి స్థానంలో వేరే పద్ధతి తేవడం మొదలైంది. భారతదేశంలో 1986 జాతీయ విద్యా విధానం, హయ్యర్ సెకండరీ పిల్లల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. 1992లో విధానాన్ని సవరించినప్పుడు ఆ గడువుల్ని వెనక్కి జరపాల్సి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవాలంటే ఒక హైస్కూలు వర్క్‌షాపును ఏడాది పొడవునా గమనిస్తే చాలు. కట్టడానికి, యంత్రాలు కొనడానికి ప్రాజెక్టు డబ్బు ఉంటుంది. అది ఒక్కసారి వచ్చేది. ఇనుము, కర్ర, విద్యుత్తు, విడిభాగాలు, మరమ్మతు ఇవన్నీ ఏటా వచ్చే పద్దు. పేద దేశాల విద్యా బడ్జెట్‌లో జీతాలు పోగా ఆ పద్దుకు మిగిలేది నామమాత్రం. దాంతో లేత్ మెషీన్ మీద బట్ట కప్పి ఉంటుంది, పిల్లలు దాని బొమ్మను బ్లాక్‌బోర్డు మీంచి నోట్సులోకి దించుకుంటారు, పరీక్షలో భాగాలు గుర్తిస్తారు, మార్కులు కూడా బాగానే వస్తాయి.

టీచర్ సంగతి ఇంకా చిక్కు. చేయి తిరిగిన వెల్డర్ బయట సంపాదించేదాన్ని వదులుకుని స్కూలు జీతానికి రాడు. వచ్చినా డిగ్రీ లేదని సర్వీసు నిబంధనలు అడ్డొస్తాయి. డిగ్రీ ఉన్నవాడు జీవితంలో ఒక్క అతుకైనా వేసి ఉండడు. ఇక టైమ్‌టేబుల్లో వారానికి మూడో నాలుగో పీరియడ్లు. ఆ లెక్కన ఏ పనీ చేతికి రాదు. ఇంతా అయ్యాక కూడా యూనివర్సిటీ ప్రవేశానికి ఆ మార్కులు లెక్కలోకి రాకపోతే, తెలివైన పిల్లవాడు ఆ పీరియడ్లో వెనక బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకుంటాడు. వాణ్ణి తప్పుపట్టడానికేం లేదు.

మరి వృత్తి విద్యే వద్దా అంటే, కాదు. పద్నాలుగేళ్ళ వయసులో, స్కూలు గోడల మధ్య, ఉద్యోగమిచ్చేవాడితో సంబంధం లేకుండా వద్దు అంటున్నాను. బ్రెజిల్లో 1942లో పెట్టిన సెనాయ్ అనే పారిశ్రామిక శిక్షణ సంస్థను చూడండి. దాన్ని నడిపేది విద్యాశాఖ కాదు, పరిశ్రమాధిపతుల సమాఖ్యలు. పరిశ్రమలు తాము ఇచ్చే జీతాల మొత్తం మీద 1 శాతం దానికి కడతాయి. తమ డబ్బే కాబట్టి పాత యంత్రం మీద శిక్షణ ఇస్తే ఒప్పుకోరు, ఎవరికీ అక్కర్లేని కోర్సును ఏళ్ళ తరబడి సాగనివ్వరు. లాటిన్ అమెరికాలో చాలా దేశాలు ఇదే బాటలో వెళ్ళాయి. అయితే ఒక హెచ్చరిక. ఈ పన్ను పద్ధతి పనిచేయాలంటే జీతాల రిజిస్టరు పెట్టే ఫ్యాక్టరీలు ఉండాలి కదా. పనిచేసేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది సొంత కొట్టులోనో, పొలంలోనో, ముగ్గురు నలుగురుండే షెడ్డులోనో ఉన్న దేశంలో వసూలయ్యేది కొంచెమే. ఆ కొంచెం కూడా ఖజానాలో కలిసిపోయి మళ్ళీ శిక్షణ వైపు రాకపోవడం మామూలే.

జర్మనీ నమూనా తెచ్చుకుంటామనే దేశాలదీ ఇదే ఇబ్బంది. అక్కడ అప్రెంటిస్ ఎక్కువ రోజులు కంపెనీలో పని నేర్చుకుంటాడు, మిగతా రోజులు బడికి వెళ్తాడు. ఆ పద్ధతిని మోసేది కంపెనీలు, వర్తక మండళ్ళు, కార్మిక సంఘాలు. ఆ మూడూ లేనిచోట మిగిలేది బడి ఒక్కటే. అందుకే నాకు బెనిన్, టోగోలాంటి పశ్చిమాఫ్రికా దేశాలు చేసిన పని ఎక్కువ నచ్చుతుంది. అక్కడ మెకానిక్ దగ్గరో, దర్జీ దగ్గరో పిల్లల్ని పనికి పెట్టి నేర్పించడం తరతరాల ఆనవాయితీ. ప్రభుత్వం దాన్ని పక్కకు నెట్టకుండా దాని మీదే కట్టుకుంటూ వెళ్ళింది. పిల్లవాడు వారంలో ఎక్కువ రోజులు మేస్త్రీ దగ్గరే ఉంటాడు, ఒక రోజు శిక్షణ కేంద్రానికి వెళ్ళి లెక్కలు, డ్రాయింగ్, భద్రత నేర్చుకుంటాడు, చివర్లో ప్రభుత్వం గుర్తించే పరీక్ష రాస్తాడు. కొత్త భవనాల ఖర్చు తక్కువ. నేర్పేవాడు రోజూ ఆ పని చేసి బతికేవాడు. లోపాలు లేవని కాదు. పిల్లలతో వెట్టిచాకిరీ చేయించే మేస్త్రీలుంటారు, పాత పద్ధతులే నేర్పేవాళ్ళూ ఉంటారు. అయినా ఎక్కువమంది నిజంగా పని నేర్చుకుంటున్నది అక్కడే అయినప్పుడు, ఆ చోటును వదిలేసి ఊరి చివర కొత్త కాలేజీ కట్టడం నాకు అర్థం కాని విషయం.

ఇంకొకటి, తిరిగి వచ్చే దారి. సింగపూర్ 1992లో పాత వృత్తి శిక్షణ బోర్డును మార్చి ఐటీఈ అనే సాంకేతిక విద్యా సంస్థను పెట్టినప్పుడు రెండు మార్పులు చేసింది. పదేళ్ళ సాధారణ చదువు పూర్తయ్యాకే అందులో చేరాలి, బాగా చదివితే అక్కడి నుంచి పాలిటెక్నిక్‌కు, ఆపైకి వెళ్ళొచ్చు. అప్పటికే సింగపూర్ చేతిలో డబ్బుంది, క్యాంపస్‌ల మీద ధారాళంగా ఖర్చుపెట్టింది, అది అందరివల్లా కాదు. పై చదువుకు తలుపు తెరిచి ఉంచడానికి మాత్రం అంత డబ్బు అక్కర్లేదు, ఒక నిబంధన చాలు. ఆ నిబంధన లేనిచోట వృత్తి కోర్సు అంటే ఫెయిలైనవాళ్ళను తోసేసే గది అనే పేరు పడిపోతుంది. ఆ పేరు పడ్డాక ఎన్ని ప్రచార పోస్టర్లు వేసినా పోదు.

ఇప్పుడు సెకండరీకి వద్దాం. హైస్కూలు వృత్తి నేర్పకపోతే ఏం నేర్పాలి అంటారా? చదవడం, రాయడం, లెక్కలు, సైన్సు, బాగా. ఇది చప్పగా అనిపించే జవాబని నాకు తెలుసు. కానీ ప్రపంచ బ్యాంకు 2019 అంచనా ప్రకారం పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ళ పిల్లల్లో 53 శాతం మంది చిన్న పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేకపోతున్నారు. కోవిడ్ తర్వాత ఆ అంచనా 70 శాతానికి చేరింది. వీళ్ళలో చాలామంది ఏదోలా హైస్కూల్లోకి వస్తారు, అక్కడి పాఠ్యపుస్తకం వీళ్ళను చూసి రాసింది కాదు. ఎనిమిదో తరగతిలో బీజగణితం చెప్తున్న టీచర్‌కు ఎదురుగా భాగహారం రాని పిల్లలుంటారు. అలాంటి పిల్లవాడికి కొలతల పట్టీ ఇచ్చి వడ్రంగం నేర్పడం కూడా కష్టమే, భిన్నాలు రావు కాబట్టి. మొదటి ఏడాది మొదటి కొన్ని నెలలు వెనకబడినవాళ్ళకు చదవడం, లెక్కలు మళ్ళీ నేర్పడానికే కేటాయిస్తే, ఆ తర్వాత పెట్టే ఖర్చంతా కాస్త పనికొస్తుంది.

సెకండరీని నిజంగా నడిపేది సిలబస్ కాదు, పరీక్ష. అడిగేది బట్టీ ప్రశ్నలైతే టీచర్లు బట్టీయే పట్టిస్తారు, ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా అంతే. అందుకే తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తేగల చోటు ఏదని అడిగితే ప్రశ్నపత్రం అంటాను. 1970లలో కెన్యా ప్రాథమిక విద్య ముగింపు పరీక్షలో ఈ పని చేసింది. సెకండరీలో సీటు ఎవరికి రావాలో నిర్ణయించే పరీక్ష అది. జ్ఞాపకశక్తిని అడిగే ప్రశ్నలు తగ్గించి, పిల్లలకు రోజువారీ జీవితంలో ఎదురయ్యే విషయాల మీద ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలు పెంచారు. పరీక్ష అయ్యాక ఏ ప్రశ్నలో పిల్లలు ఎక్కడ తడబడ్డారో, ఆ పాఠం ఎలా చెప్తే బాగుంటుందో వివరిస్తూ స్కూళ్ళకు ఒక లేఖ పంపేవాళ్ళు. పరీక్ష విభాగంలో మంచి సబ్జెక్టు మనుషులు కొద్దిమంది, అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు. అంతకుమించి పెద్దగా ఏం కావాలి? కానీ ఈ పనికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు, అందుకే ఎవరూ తలపెట్టరు.

ఫీజు ఎత్తేయడం గురించి కూడా మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఎత్తేయాలి, కానీ సీట్లు లెక్కేసుకుని. ఘానా 2017 సెప్టెంబరులో సీనియర్ హైస్కూలు చదువును ఉచితం చేసింది. పిల్లలు ఎంతగా వచ్చారంటే మరుసటి ఏడాదే స్కూళ్ళు చాలక పిల్లల్ని రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టు బడిలో ఉంటే ఇంకో జట్టు సెలవుల్లో ఉండేలా క్యాలెండర్ మార్చాల్సి వచ్చింది. అంతకుముందు బడి ముఖం చూడలేనివాళ్ళు లోపలికొచ్చారు, అది నిజమే. కానీ ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఒకేలా మాఫీ చేయడంతో భవనాలకూ టీచర్లకూ పెట్టాల్సిన డబ్బు కొంత, కట్టగలిగినవాళ్ళ ఫీజుకే పోయింది. దీనికి భిన్నంగా బంగ్లాదేశ్ 1994లో గ్రామీణ ప్రాంతాల ఆడపిల్లలకు సెకండరీ స్టైపెండ్ దేశమంతా ఇచ్చింది. 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, చదువు పూర్తయ్యేదాకా పెళ్ళి చేయకూడదు అనేవి షరతులు. ఆడపిల్లల చేరిక గబగబా పెరిగి మగపిల్లలతో సమానమైంది. ఎవరు రావడం లేదో ముందు తెలుసుకుని వాళ్ళకే డబ్బిచ్చారు. చదువు నాణ్యత మాత్రం ఆ స్టైపెండ్‌తో పెరగలేదు. అది దాని పనీ కాదు.

మారుమూల ఊళ్ళ సంగతి వేరు. సబ్జెక్టుకొక టీచర్ దొరకనిచోట మెక్సికో 1968 నుంచి టీవీ పాఠాలతో, అన్ని సబ్జెక్టులూ చూసుకునే ఒక టీచర్‌తో నడిపిన టెలిసెకుందారియా బళ్ళ గురించి తప్పకుండా చదవండి.

క్రమం గురించి అడిగారు కాబట్టి దక్షిణ కొరియా ముచ్చట చెప్పకుండా ఉండలేను, అందరూ సగమే చెప్తారు కనుక. వాళ్ళు ముందు ప్రాథమిక విద్యను అందరికీ ఇచ్చారు. తర్వాత 1969లో సియోల్‌తో మొదలుపెట్టి మిడిల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎత్తేశారు. 1974లో సియోల్, బుసాన్‌లలో హైస్కూళ్ళకు లాటరీతో పిల్లల్ని పంచారు. యూనివర్సిటీ సీట్లను మాత్రం చాలాకాలం బిగించి ఉంచారు, పై చదువుల ఖర్చు ఎక్కువగా కుటుంబాల మీదే వదిలేశారు. ఇంతవరకు అందరూ చెప్తారు. మిగతా సగం ఏమిటంటే, ఒక చోట పరీక్ష తీసేస్తే టెన్షన్ తర్వాతి తలుపు దగ్గరికి జరిగింది, ట్యూషన్లు పోలేదు. 1990ల మధ్యలో యూనివర్సిటీలు పెట్టడం సులభం చేశాక, 2000ల చివరికి హైస్కూలు పూర్తిచేసిన పిల్లల్లో 80 శాతం పైగా కాలేజీకి వెళ్ళారు. డిగ్రీకి తగ్గ ఉద్యోగాలు అన్ని లేవు. చివరికి 2010లో పరిశ్రమలతో ఒప్పందాలున్న మైస్టర్ హైస్కూళ్ళు పెట్టి పిల్లల్ని మళ్ళీ చేతిపనుల వైపు తిప్పుకోవడానికి తంటాలు పడ్డారు.

విశ్వవిద్యాలయాల దగ్గర అసలు తగాదా డబ్బుది. ఉచితమంటే పేదల పక్షమని మనకు అనిపిస్తుంది. చాలా పేద దేశాల్లో యూనివర్సిటీ దాకా వచ్చేది ఎక్కువగా పైవర్గాల పిల్లలే. పేద పిల్లలు హైస్కూలు గేటు దగ్గరే ఆగిపోయారు. కాబట్టి ఉచిత సీటు ఖర్చులో పెద్దవాటా ఉన్నవాళ్ళకే చేరుతుంది. అలాగని ఫీజులకు తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయం చూపించింది. 1992 నుంచి ఫీజు కట్టేవాళ్ళను చేర్చుకోవడం మొదలుపెట్టారు. పదేళ్ళు తిరగకుండానే వాళ్ళే మెజారిటీ అయ్యారు. యూనివర్సిటీ నిలదొక్కుకుంది, అధ్యాపకుల రాబడి పెరిగింది. దాంతోపాటు క్లాసులు కిక్కిరిశాయి, సాయంత్రం బ్యాచ్‌లు పుట్టుకొచ్చాయి, డబ్బు తెచ్చే కోర్సులు ఉబ్బి, సైన్సులు వెనకబడ్డాయి.

మధ్యే మార్గం చదువు అప్పు. 1989లో ఆస్ట్రేలియా తెచ్చిన పద్ధతిలో, ఉద్యోగం వచ్చి ఆదాయం ఒక హద్దు దాటాకే జీతంలోంచి పన్నుతో పాటు కోసుకుంటారు. హద్దు దాటకపోతే కట్టనక్కర్లేదు. న్యాయమైన పద్ధతే. కానీ అది ఆదాయపు పన్ను శాఖ భుజాల మీద నడిచే పద్ధతి. ఎవరి ఆదాయం ఎంతో ప్రభుత్వానికి తెలియని దేశంలో నడవదు. చిలీ 2005లో ప్రభుత్వ హామీతో బ్యాంకుల ద్వారా అప్పులిప్పించింది. సీట్లు బాగా పెరిగాయి. ఏ మాత్రం గట్టి పర్యవేక్షణ లేని కాలేజీల్లో చదివి, అప్పు మాత్రం గట్టిగా మిగిలిన విద్యార్థులు 2011లో వీధుల్లోకి వచ్చారు. 2012లో వడ్డీ 2 శాతానికి తగ్గించారు, 2016 నుంచి తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు చదువు ఉచితం చేశారు. నా సలహా ఏమిటంటే, పన్ను వ్యవస్థ బలపడేదాకా కుటుంబ స్థితిని బట్టి ఫీజు, పేద పిల్లలకు హాస్టలు ఖర్చుతో సహా పూర్తి స్కాలర్‌షిప్. కుటుంబ స్థితిని తేల్చడంలో అవకతవకలు జరుగుతాయి, జరిగినా ఇది మేలే.

పరిశోధన గురించి ఒక్క మాట. ప్రతి యూనివర్సిటీనీ పరిశోధనా కేంద్రం చేయాలనుకోవద్దు. రెండు మూడు చోట్ల బాగా చేసి, మిగతావాటిని మంచి బోధనకు వదిలేయండి. ఆ రెండు మూడు చోట్ల కూడా నిధి ఏటేటా ఊగకూడదు. బ్రెజిల్లోని సావోపాలో రాష్ట్రం తన పన్ను రాబడిలో 1 శాతం పరిశోధన నిధికి ఇవ్వాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకుంది.

చివరగా, విద్యాశాఖ చేతిలో లేని విషయం ఒకటుంది, నా లెక్కలో అన్నిటికంటే బరువైనది అదే. ఈజిప్టు 1960లలో డిగ్రీ చేసినవాళ్ళకూ, టెక్నికల్ సెకండరీ పూర్తిచేసినవాళ్ళకూ ప్రభుత్వ ఉద్యోగం హామీ ఇచ్చింది. హామీ ఉన్నాక ఏం నేర్చుకున్నారన్నది ఎవరికి పట్టింది? సర్టిఫికెట్ చాలు. వరస పెరిగి పెరిగి 1980ల చివరికి ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. వృత్తి విద్య చదివినవాళ్ళు కూడా అదే వరసలో నిలబడ్డారు. శ్రీలంకలో 1971 తిరుగుబాటు వెనక ఉన్నది ఎక్కువగా చదువుకుని ఉద్యోగం లేని గ్రామీణ యువతే. అదే ఏడాది అక్కడికి వెళ్ళిన అంతర్జాతీయ కార్మిక సంస్థ బృందం, చదువు పెంచిన ఆశలకూ దొరికే ఉద్యోగాలకూ ఉన్న దూరాన్నే ప్రధాన సమస్యగా చూపింది.

కాబట్టి మీ పత్రం సిలబస్ అధ్యాయంతో మొదలుపెట్టకండి. మీరు ఎంచుకున్న దేశంలో గత కొన్నేళ్ళ ప్రభుత్వ నియామక ప్రకటనలు తెచ్చుకోండి. ఏ ఉద్యోగానికి ఏ అర్హత అడిగారో, ఆ పనికి నిజంగా ఆ చదువు అవసరమో పక్కపక్కన రాయండి. డ్రైవరుకు హైస్కూలు, గుమాస్తాకు డిగ్రీ, సూపర్‌వైజరుకు పీజీ అడుగుతూ ఉంటే, అక్కడ ఒక్క ఉత్తర్వుతో మార్చగలిగినవి చాలా కనిపిస్తాయి. రెండో పట్టికలో టెక్నీషియన్‌కూ గుమాస్తాకూ మొదటి జీతం, పదేళ్ళ తర్వాత జీతం వేయండి. ప్రైవేటువి దొరకకపోతే ప్రభుత్వ పే స్కేళ్ళు చాలు. ఆ రెండు పట్టికలూ తయారయ్యాక చూపించండి, ఆ దేశానికి ఏది ముందో అప్పుడు ఇంకా కచ్చితంగా మాట్లాడుకోవచ్చు.